కనెక్టర్‌లో కొబ్బరినూనె

అక్షరాలు వచ్చిన ఏడాదిన్నరకి నేను రాసిన మొదటి అబద్ధం మూడే మాటలు: "కనెక్టర్లలో దుమ్ము. తుడిచాను." ఒత్తులూ దీర్ఘాలూ సరిచూసుకుని, నీలం పెన్నుతో, బండికి చేసిన పని రాసే జాబ్ కార్డు మీద రాసి, కింద సంతకం కూడా పెట్టాను. అంతకు ముందు నేనేదో సత్యవంతురాలినని కాదు. యాభై ఏళ్లకు పైగా నోటితో కావలసినన్ని ఆడాను. అవన్నీ గాలిలో కలిసిపోయాయి. రాసినది అలా కలిసిపోదనీ, దారం కట్టుకుని మేకుకు వేలాడుతూ ఉంటుందనీ నాకు తట్టలేదు. పైగా ఆ కార్డు చదవబోయేది ఎవరో కాదు, నాకు ఆ అక్షరాలు నేర్పిన మనిషే.

బొల్లారంలో మాకొక రేకుల షెడ్డు ఉంది. మా ఆయన బండ్ల కరెంటు పని చేస్తాడు. మిలటరీ వాళ్లు వేలం వేసిన పాత జీపులతో మొదలుపెట్టాడు. వాటిలో నాలుగు వైర్లు, రెండు దీపాలు, ఒక హారన్, అంతే. ఇప్పుడు సెలవు రోజుల్లో గుట్టలెక్కడానికీ బురదలో దొర్లడానికీ కొనుక్కున్న కొత్త బండ్లు వస్తున్నాయి. వాటి కడుపు నిండా వైర్లే. వైర్ల కట్టలు కలిసే ప్రతి చోటా ఒక ప్లాస్టిక్ కనెక్టర్ ఉంటుంది. ఒక సగం ఇంకో సగంలోకి దూరి టక్కుమని బిగుసుకుంటుంది. లోపల సన్నటి పిన్నులు వరుసగా ఉంటాయి. మా ఆయనకు తెలివి ఉంది గానీ ఆ పిన్నులు కనబడవు. కళ్లజోడు పెట్టుకుని వంగితే తల తిరుగుతుందంటాడు. నా తెలివి సంగతి ఎలా ఉన్నా నా వేళ్లు సన్నం. అందుకని పదేళ్లుగా కనెక్టర్లు విప్పడం, తుడవడం, బిగించడం నా వంతు.

చదువు రాని రోజుల్లో ఏ వైరు ఎక్కడిదో రంగును బట్టి గుర్తు పెట్టుకునేదాన్ని. రంగులు కలిసిపోతే దారంతో ముడులు వేసుకునేదాన్ని. జాబ్ కార్డు మీద సంతకం చేయాల్సి వస్తే కళ్లజోడు ఇంట్లో మరిచిపోయానని చెప్పేదాన్ని. నాకు అసలు కళ్లజోడే లేదు.

ఆ మాట నమ్మని మొదటి మనిషి మారేడ్‌పల్లి నుంచి బండి తెచ్చిన టీచరమ్మ. నలభై దాటాక డ్రైవింగ్ నేర్చుకుని, తన జీతంతో, ఇంట్లో ఎవరినీ అడగకుండా ఎత్తయిన ఆకుపచ్చ బండి కొనుక్కుంది. నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందే బండి. శనివారాలు మరో ముగ్గురు ఆడవాళ్లతో శామీర్‌పేట దాటి రాళ్ల గుట్టల్లో, వాగుల్లో నడుపుతుంది. నేను రెండోసారి కళ్లజోడు మరిచిపోయినప్పుడు ఆమె కార్డు మడిచి సంచిలో పెట్టుకుంటూ, మధ్యాహ్నం మూడింటికి ఖాళీగా ఉంటారా ఆంటీ అని అడిగింది. వాళ్ల చర్చి హాల్లో ఆడవాళ్లకు పాఠాలు చెబుతుందట. కళ్లజోడు తేనక్కర్లేదు అని కూడా అంది.

అలా నాకు అక్షరాలు వచ్చాయి. వచ్చాక నా ఆగడం అంతా ఇంతా కాదు. ఉప్పు డబ్బా మీద ఉప్పు అని రాశాను. మా ఇంట్లో ఉప్పేదో ముప్పై ఏళ్లుగా అందరికీ తెలుసు. కుక్కర్ మీద కుక్కర్ అని రాశాను. వంటనూనె సీసా మీద రాసింది వారం తిరక్కుండానే చెదిరి నల్లటి మరకైంది, అయినా బుద్ధి రాలేదు. షెడ్డులో మరీను. దెబ్బలకు వేసే తెల్లటి గుడ్డ ప్లాస్టర్ ముక్కలు కత్తిరించి, స్కెచ్ పెన్నుతో రాసి, కనబడ్డ ప్రతి వైరుకూ చుట్టేదాన్ని. మా ఆయన ఒకరోజు బానెట్ ఎత్తి లోపలికి చూసి, "ఇంజన్‌కు రేషన్ కార్డు రాస్తున్నవా ఏందే" అన్నాడు. నాకు అది మెచ్చుకోలులాగే వినబడింది.

ఇక నేరం సంగతి.

కనెక్టర్లు కొన్ని ఎంతకీ బిగుసుకోవు. బలవంతం చేస్తే పిన్నులు వంగుతాయి. బిగుతు గాజులు చేతికెక్కకపోతే ఏం చేస్తాం? కాస్త నూనె రాస్తాం. నేనూ అదే చేసేదాన్ని. చూపుడు వేలు ఒకసారి జడలోకి పోనిచ్చి, ఆ తడిని కనెక్టర్ అంచుకు రుద్దితే గాజు ఎక్కినట్టు నున్నగా ఎక్కేది. పదేళ్లుగా చేస్తున్నాను. మా ఆయనకు తెలియదు. కరెంటు దగ్గరికి నూనె రాకూడదనేది ఆయన పెట్టుకున్న చట్టం. మిర్చి బజ్జీ తిన్నవాళ్లు సబ్బుతో చేతులు కడుక్కుంటే గాని స్క్రూడ్రైవర్ ముట్టనివ్వడు. అంతటి మనిషి షెడ్డులో నేను రోజూ కొబ్బరినూనె పూస్తూ ఉన్నాను. దసరా తర్వాత టీచరమ్మ బండికి అదనపు దీపాలు పెట్టినప్పుడు ఆ కనెక్టర్లన్నీ విప్పి బిగించింది నేనే, నా జడే.

నవంబరు చివర ఆ బండి వాగు మధ్యలో ఆగిపోయింది. ఆగడం ఆగడం టీచరమ్మ అత్తగారు లోపల ఉండగా ఆగింది. ఆవిడ పెద్దాసుపత్రిలో మేట్రన్‌గా చేసి రిటైరైన మనిషి. కోడలు ప్రతి శనివారం ఎక్కడికి పోతుందో చూద్దామని ఆ ఒక్కరోజే వెళ్లింది. చెప్పులూ హ్యాండ్‌బ్యాగూ చేత పట్టుకుని, మోకాలి లోతు నీళ్లలో దిగి గట్టుకు నడిచిందట. పది నిమిషాలకు బండి దానంతటదే స్టార్టయింది. అప్పటికి ఆవిడ తీర్పు కూడా చెప్పేసింది. ఇంకొక్కసారి ఆగిందంటే క్రిస్మస్ లోపల అమ్మేయాలి, చర్చిలోనే కొనేవాళ్లున్నారు.

టీచరమ్మ ఇదంతా నవ్వుతూనే చెప్పింది గానీ, చెబుతున్నంతసేపూ ఆమె చెయ్యి బానెట్ మీద నుంచి కదలలేదు. నాకు యాభై దాటాక అక్షరం వచ్చినట్టు ఆమెకు నలభై దాటాక ఆ స్టీరింగ్ వచ్చింది. నా ఉప్పు డబ్బా మీది చీటీ ఎవరైనా పీకేస్తానంటే నేనూరుకుంటానా?

మా ఆయన మీటరు పెట్టి వెతికి, ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ దగ్గర సిగ్నల్ తప్పుతోందని తేల్చాడు. అది ఎడమ సీటులో కూర్చునేవాళ్ల కాళ్ల దగ్గర, అట్ట వెనక ఉంటుంది. దూరి విప్పాల్సింది నేనే. కనెక్టర్ లాగాను. లోపల పిన్నులు నూనెలో మునిగి మెరుస్తున్నాయి.

దసరా నాటి నా జడ కళ్ల ముందు కనిపించింది. బయటి నుంచి మా ఆయన ఏముంది లోపల అని అడిగాడు. దుమ్ము, అన్నాను. గబగబా పిన్నులు కడిగే స్ప్రే కొట్టి, దూదితో తుడిచి, మళ్లీ కొట్టి, తుడిచిన దూదంతా కొంగులో మూట కట్టుకున్నాను. ఆ తర్వాత కార్డు మీద ఆ మూడు మాటలు రాశాను. టీచరమ్మ చదువుకుని, మీ చేతిరాత కుదురుకుంది ఆంటీ అని సంతోషపడింది.

పది రోజులకు బండి మళ్లీ ఆగింది. ఈసారి మోండా మార్కెట్ దగ్గర, కూరగాయల బండ్ల మధ్య. అదృష్టం కొద్దీ టీచరమ్మ ఒక్కతే ఉంది. షెడ్డుకు తెచ్చి, గొంతు తగ్గించి, "అత్తయ్యకి తెలీదు ఆంటీ. మీరూ చెప్పకండి" అంది. అలా దాచేవాళ్లం ఇద్దరమయ్యాం. ఆమె దాచేది నాకు తెలుసు, నేను దాచేది ఆమెకు తెలియదు.

ఈసారి మా ఆయన తల తిరిగినా ఫరవాలేదని టార్చి పట్టుకుని తానే దూరాడు. నూనె చూశాడు. నేను గోడకు ఆనుకుని, తిట్లకు సిద్ధంగా నిలబడ్డాను. ఆయన ఇంజన్ వైపు చూసి, ఇంజన్‌ను పైన మూసే టాపెట్ కవర్ దగ్గర చెమ్మ ఉంది, దాని అంచు ప్యాకింగ్ పోయి ఉంటుంది, అక్కడి నుంచి వైర్ల మీదుగా కారుతోంది అన్నాడు. నేను వెంటనే అవునవును, ప్యాకింగే అన్నాను. ప్యాకింగ్‌కు నోరు లేదు కదా, ఎంతైనా మోస్తుంది. కొత్తది వేశాం. ఇంజన్ నుంచి కంప్యూటర్ దాకా దారిలో ఉన్న కనెక్టర్లన్నీ విప్పి కడిగాను. కడిగిన వాటికి గుర్తుండాలని ప్రతిదానికీ రెండు వైపులా ప్లాస్టర్ ముక్కలు చుట్టి అంకెలూ పేర్లూ రాశాను. ఈసారి ఒక్కదానికీ కొబ్బరినూనె తగలనివ్వలేదు. తలకు రాసుకోవడమే మానేశాను. వారానికి నా జుట్టు కొబ్బరిపీచులా లేచింది.

బండి వెంటనే ఇవ్వొద్దు, మనమే నాలుగు రోజులు తిప్పి చూద్దామన్నాడు మా ఆయన. తిప్పాడు. మూడో రోజు పొద్దున విప్పితే పిన్నుల్లో మళ్లీ నూనె.

మామూలు బుర్ర ఉన్న మనిషి అక్కడ ఆగి ఆలోచించాలి. దసరాకు పూసిన ఒక్క చుక్క రెండుసార్లు తుడిచాక మళ్లీ ఎలా వస్తుంది? నేను మాత్రం ఆ చుక్క ప్లాస్టిక్‌లో ఇంకిపోయి, నా పాపంలా ఊరుతూ ఉందనుకున్నాను. ఆ మధ్యాహ్నం పాఠానికి వెళ్లి టీచరమ్మకు నిజం చెప్పేద్దామనే అనుకున్నాను. ఆమె అందరినీ ఈ వారం ఏం చేశారో అయిదు వాక్యాలు రాయమంది. నేను గుత్తి వంకాయ కూర గురించి రాశాను. ఆమె ఎర్ర పెన్నుతో "బాగుంది" అని రాసిచ్చింది. ఆ కాగితం ఇంటికి తెచ్చి పప్పు డబ్బా కింద పెట్టాను, కనబడకుండా.

మర్నాడు పొద్దున్నే చలి. జుట్టు దువ్వెనకు లొంగక, ఇక లాభం లేదు, కాస్త నూనె రాద్దామని సీసా వంచాను. ఏమీ రాలేదు. డిసెంబరు కదా, కొబ్బరినూనె తెల్లగా గడ్డకట్టుకుపోయింది. ప్రతి చలికాలం చేసే పనే, ఎండ తగలాలని సీసా గోడ మీద పెట్టబోయాను. పెట్టబోయి అలాగే నిలబడిపోయాను.

ఇంట్లో సీసా గడ్డకట్టింది. షెడ్డు రేకులది, ఇంటికన్నా చల్లన. నిన్న పొద్దున ఆ కనెక్టర్‌లో నూనె నా వేలి మీద నుంచి నీళ్లలా జారింది.

సీసా చేత్తో పట్టుకునే, జుట్టు విరబోసుకునే షెడ్డుకు పరుగెత్తాను. పళ్లు తోముకుంటున్న మా ఆయన ఎవరికేమైందో అని వెనకే వచ్చాడు. కనెక్టర్ లాగాను. నూనె కారింది. అప్పుడు, ఇన్ని రోజుల్లో మొదటిసారి, దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. వంకాయ మాడితే పక్క వీధి నుంచి పసిగట్టే ముక్కు నాది. కానీ దొంగ తాను దాచిన మూట విప్పి చూసుకోడు కదా, నేనూ వాసన చూడలేదు. అది కొబ్బరి వాసన కాదు. కాలిన ఇంజన్ ఆయిల్ వాసన.

సంతోషంలో మా ఆయనకు అన్నీ చెప్పేశాను. జడ, వేలు, గాజులు, దుమ్ము, కొంగులో దూది, అన్నీ. ఆయన నోట్లోని పేస్టు ఉమ్మి, నన్నూ సీసానూ మార్చి మార్చి చూశాడు.

"పదేండ్ల సంది నా కనెక్టర్లకు తలంటు పోస్తున్నవా? జెర కుంకుడుకాయ రసం సుత పోయకపోయినవ్."

ఆ తర్వాత ఆయన బండి దగ్గరికి నడిచాడు. కోపం తర్వాత, పని ముందు. టాపెట్ కవర్ పొడిగా ఉంది. మరి ఇంజన్ ఆయిల్ ఇంత దూరం ఎలా వస్తోంది? టార్చి వేసి కట్టల మీద వెతుకుతున్నాడు. నా కళ్లు మాత్రం నా చీటీల మీద పడ్డాయి. కనెక్టర్ లోపల నూనె నిండి ఉంది, దానికి రెండు వేళ్ల అవతల నేను చుట్టిన ప్లాస్టర్ మీద అక్షరాలు నిన్న రాసినంత శుభ్రంగా ఉన్నాయి. వంటింట్లో నూనె సీసా మీది చీటీ గుర్తొచ్చింది. ఈ పెన్ను రాతకు నూనె తగిలితే చెదిరిపోతుంది. వైరు పైన కారి వచ్చి ఉంటే నా రాతను దాటుకునే రావాలి. దాటలేదు.

"గిట్ల చూడయ్యా. నూనె వైరు మీదికెల్లి వస్తలేదు. లోపల్నుంచి వస్తుంది."

వైరు గొట్టమనుకున్నవా అన్నాడు ఆయన. గొట్టం కాదు, వత్తి అన్నాను. ప్లాస్టిక్ తొడుగులో ఉండేది ఒకటే తీగ కాదు, జుట్టంత సన్నటి రాగి పోగులు. పోగుకూ పోగుకూ మధ్య సందు ఉంటుంది. నేను పెళ్లయిన కొత్తలో ఎనిమిదేళ్లు వత్తుల స్టవ్ మీద వండాను. కింద కిరోసిన్, పైన మంట, మధ్యలో వత్తి. కిరోసిన్‌ను ఎవరూ పైకి తోయక్కర్లేదు. ఆయన టార్చి నా చేతికిచ్చాడు. టార్చి చేతికివ్వడం మా ఇంట్లో ఒప్పుకోవడం కింద లెక్క.

ఇద్దరం కంప్యూటర్ నుంచి వెనక్కి, ఒక్కొక్క కనెక్టరూ విప్పుకుంటూ వెళ్లాం. చీటీలన్నీ పొడి. కనెక్టర్లన్నీ లోపల తడి, ఇంజన్ దగ్గరయ్యే కొద్దీ ఇంకా తడి. చివరికి ఇంజన్ పక్కన బిగించిన ఆయిల్ ప్రెషర్ స్విచ్ దగ్గర తేలాం. ఇంజన్‌లో ఆయిల్ ఒత్తిడి తగ్గితే డ్యాష్‌బోర్డు మీద ఎర్రదీపం వెలిగించే చిన్న బిళ్ల అది. దాని లోపలి సీలు పోయింది. ఇంజన్ ఒత్తిడికి ఆయిల్ స్విచ్‌లోంచి నేరుగా వైరు పోగుల్లోకి ఎక్కుతోంది. మా ఆయన ఆ వైరును తెంపి, తొడుగును గోళ్లతో నొక్కి జరిపాడు. తెగిన కొసన ఒక నల్లటి చుక్క నిదానంగా ఊరి నిలబడింది. ఇద్దరం దాన్ని చూస్తూ కూర్చున్నాం.

కొత్త స్విచ్ వేశాం. నూనె తాగిన వైరు మొత్తం తీసేసి కొత్త వైరు లాగాం. మధ్యలో ఒకచోట తొడుగు ఒలిచి, పోగుల సందులన్నీ మూసుకునేలా టంకం పట్టించాడు మా ఆయన. రేపు మళ్లీ సీలు పోయినా నూనె ఆ గట్టు దాటదు. కనెక్టర్లన్నీ కడిగి, మూతులు కిందికి పెట్టి, కింద టిష్యూ కాగితాలు పరిచి రెండు రోజులు వేలాడదీశాం. మూడు రోజులు తిప్పాం. విప్పితే పొడి.

క్రిస్మస్‌కు నాలుగు రోజులుందనగా టీచరమ్మ వచ్చింది. ఒక్కతే రాలేదు. వెనక అత్తగారు, తెల్లటి నేత చీర, చేతిలో అదే హ్యాండ్‌బ్యాగు. కొనేవాళ్లు సాయంత్రం చూడటానికి వస్తున్నారట. ఈవిడ ముందుగా బండి స్థితి తెలుసుకోవడానికి వచ్చింది. స్టూలు వేస్తే కూర్చోలేదు. ఈ బండి కార్డులన్నీ ఇమ్మంది. ఆసుపత్రిలో అన్నేళ్లు మంచాల కొసన చార్టులు చదివిన మనిషి. నేను రాసిన మూడు కార్డులూ వరసగా పెట్టుకుని చదివింది.

"మొదటి దాంట్లో దుమ్ము. రెండో దాంట్లో ప్యాకింగ్. మూడో దాంట్లో స్విచ్. నెల రోజుల్లో మూడు జబ్బులు వచ్చిన రోగిని ఇంట్లో పెట్టుకోమంటారా?"

టీచరమ్మ నా వైపు చూసింది. జవాబు నా దగ్గరే ఉంది. ఆ మొదటి కార్డు నిజమైతే ఆ బండికి మూడు జబ్బులు, సాయంత్రానికి అది వేరేవాళ్లది. అది అబద్ధమైతేనే బండికి మొదటి నుంచీ ఒకే జబ్బు, అది నయమైంది. అబద్ధమని చెప్పగలిగేది రాసిన నేనే. మా ఆయన అకస్మాత్తుగా స్పానర్లు సర్దడంలో మునిగిపోయాడు.

కార్డు ఇవ్వమని చెయ్యి చాచాను. పెన్ను తీసి, దుమ్ము మీద గీత కొట్టి, కింద రాయడం మొదలుపెట్టాను. "దుమ్ము కాదు. నూనె. నా తల నూనె అనుకుని భయపడి అబద్ధం రాశాను. ప్యాకింగ్ తప్పు కూడా లేదు. స్విచ్ ఒక్కటే పోయింది." నేను రాసే వేగానికి దానికి పది నిమిషాలు పట్టింది. మధ్యలో పెన్ను ఆగితే విదిలించి మళ్లీ రాశాను. ఆవిడ అంతసేపూ థర్మామీటరు పెట్టి వేచి ఉన్నట్టు కదలకుండా నిలబడింది. టీచరమ్మ నా భుజం మీదుగా చదువుతోందని తెలుస్తూనే ఉంది. తల ఎత్తలేదు.

ఆవిడ చదువుకుంది. తల నూనె అంటే ఏమిటని అడిగితే జడ సంగతి చెప్పాను. మొహంలో ఏమీ మారలేదు.

అప్పుడు టీచరమ్మ నోరు తెరిచింది. "అత్తయ్యా, నేనూ ఒకటి చెప్పాలి. ఇది మొన్న మోండా మార్కెట్ దగ్గర కూడా ఆగింది."

"తెలుసు," అంది ఆవిడ. "చింతపండు అమ్మే ఆవిడ అదే రోజు చెప్పింది. ఎవరు ముందు చెబుతారా అని చూస్తున్నాను. మెకానిక్ చెప్పాక కోడలు చెప్పింది." కార్డులు మూడూ సరిచేసి కోడలి చేతిలో పెట్టి, బండి తలుపు తీసి ఎడమ సీటులో కూర్చుంది. ఆ వాగు దగ్గరికే పోనివ్వమంది. కొనేవాళ్ల మాట సాయంత్రం చూసుకుందాం అంది. టీచరమ్మ తాళం చెవి తిప్పింది. నేను నమస్కారం పెట్టి పక్కకు జరగబోయాను.

"మీరూ ఎక్కండమ్మా," అంది ఆవిడ. "ఆగితే దిగి తొయ్యడానికి."

వెనక సీటులో ఎక్కాను. శామీర్‌పేట దాకా నేను మనసులో కనెక్టర్లు ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నాను, చీటీల మీద రాసిన పేర్లతో సహా. వాగులో నీళ్లు చలికాలానికి కాస్త తగ్గినా చక్రాల సగం దాకా ఉన్నాయి. టీచరమ్మ గేరు మార్చి దింపింది. సరిగ్గా మొన్న ఆగిన చోటికి రాగానే ముందు సీటులో మేట్రనమ్మ చెప్పులు విప్పి, హ్యాండ్‌బ్యాగు గుండెలకు హత్తుకుని, రెండు కాళ్లూ సీటు మీదికి ఎత్తి పెట్టుకుంది. నేనూ వెనక ఎత్తి పెట్టుకున్నాను.

బండి ఆగలేదు. అవతలి గట్టెక్కాక ఆవిడ కాళ్లు దించి, చెప్పులు తొడుక్కుని, అద్దంలో నా వైపు చూసి, "వెనక్కి కూడా ఇదే దారిన వెళ్దాం" అంది.